చూపును నిలిపిన శాస్త్రవేత్త – యల్లాప్రగడ సుబ్బారావు

ఇంద్రియాలన్నింటిలోను కన్ను ప్రధానమైనదని పెద్దల మాట. కన్ను చూస్తున్నదని అందరికీ తెలుసు. ఆ చూపును పోషిస్తున్నదేమిటో తెలిసినవారు కొద్దిమంది. వెలుగును అందుకొనే పొర వెనుక, ఎవరి దృష్టికీ ఆనకుండా, రక్తనాళాలతో నిండిన మరొక పలుచని పొర అహోరాత్రులు శ్రమిస్తూ ఉంటుంది. అది ఒక్క గడియ విశ్రమించినా చూపు మసకబారుతుంది. మానవజాతికి మహోపకారం చేసి, తాము మాత్రం తెర వెనుకనే ఉండిపోయిన మహనీయులు కొందరుంటారు. అట్టివారిలో అగ్రగణ్యులు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన నేత్రవైద్యులు కారు. అయినప్పటికీ కంటిలోని ఆ రక్తమయమైన పొరకు వ్యాధి సోకినప్పుడు నేటి వైద్యులు ఆశ్రయించే ముఖ్యమైన ఔషధాలలో ఒకదాని వెనుక ఆయన జీవితకాల తపస్సు ఉంది. ఆయన జీవితాన్ని తెలుసుకొనే ముందు ఆ పొరను గురించి కొంత తెలుసుకోవడం అవసరం.

కనుగుడ్డు గోడలో మూడు పొరలుంటాయి. వెలుపలిది దృఢస్తరం. తెల్లగా, గట్టిగా ఉండి కంటి ఆకారాన్ని కాపాడుతుంది. లోపలిది నేత్రపటలం. వెలుగును గ్రహించే దండకణాలు, శంకుకణాలు ఇందులోనే ఉంటాయి. ఈ రెండింటి నడుమ ఉన్నది రక్తనాళమయమైన మధ్యపొర. దీనిలో మూడు భాగాలున్నాయి. కంటిపాప చుట్టూ రంగుగా కనిపించే వలయం మొదటిది. వెలుగు ఎక్కువైనప్పుడు కంటిపాపను చిన్నది చేసి, తక్కువైనప్పుడు పెద్దది చేస్తుంది. దాని వెనుక ఉన్న శైలికామయ దేహం రెండవది. ఇది కంటి ముందు గదిలో ఉండే నేత్రోదకాన్ని స్రవింపజేస్తుంది, కటకం వంపును మార్చి దూరపు వస్తువులను, దగ్గరి వస్తువులను చూడడానికి తోడ్పడుతుంది. కంటి వెనుక భాగమంతా పరచుకొని ఉన్న రక్తపటలం మూడవది. వెలుపలి తెల్లని పొరను ఒలిచి చూస్తే ఈ మధ్యపొర తొడిమ ఊడిన నల్ల ద్రాక్షపండువలె కనిపిస్తుంది. అందువల్లనే ప్రాచీన పాశ్చాత్య వైద్యులు దీనికి ద్రాక్షను సూచించే పేరు పెట్టారు. నేటి వైద్యులు వాడే యువియా అనే మాట ఆ విధంగా పుట్టినదే.

రక్తపటలం మందం మిల్లీమీటరులో సుమారు నాలుగవ వంతు. అయినా కంటికి చేరే రక్తంలో అత్యధిక భాగం దీనిగుండానే ప్రవహిస్తుంది. బరువును బట్టి లెక్కిస్తే ఇంతటి రక్తప్రవాహం గల కణజాలాలు శరీరంలో అరుదు. దీనికి కారణముంది. నేత్రపటలం లోపలి భాగానికి సొంత రక్తనాళాలున్నాయి. వెలుగును పట్టుకొనే దండకణాలు, శంకుకణాలు ఉన్న వెలుపలి భాగానికి మాత్రం అవి లేవు. ఆ కణాలకు కావలసిన ప్రాణవాయువు, చక్కెర, విటమిన్ ఏ రక్తపటలం నుండే అందుతాయి. అవి విడిచిన వ్యర్థాలను మోసుకొనిపోయేది కూడా రక్తపటలమే. వెలుగు కేంద్రీకృతమైనచోట పుట్టే వేడిని ఈ రక్తప్రవాహం తొలగిస్తుంది. పొరలో ఉన్న నల్లని వర్ణద్రవ్యం దారి తప్పిన కాంతిని పీల్చుకొని, ప్రతిబింబం చెదరకుండా చూస్తుంది. చూసేది నేత్రపటలమైతే, దానికి అన్నం పెట్టేది రక్తపటలం.

ఇక సుబ్బారావు జీవితానికి వద్దాం. ఆయన 1895 జనవరి 12వ తేదీన పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. సంతానం ఎక్కువ, సంపాదన తక్కువ. అందువల్ల బాల్యం నుండే సుబ్బారావుకు పేదరికం పరిచితం. చదువుమీద ఆయనకు తొలుత అంతగా ఆసక్తి ఉండేది కాదు. పదమూడేళ్ల ప్రాయంలో ఇల్లు విడిచి కాశీకి పోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం సంపాదించాలని బయలుదేరారని ఆయన జీవితచరిత్రకారులు చెబుతారు. తల్లి వెంకమ్మ ఆయనను వెనుకకు రప్పించి మరల బడిలో చేర్పించారు. రాజమండ్రిలో చదువు సాగింది. తండ్రి మరణంతో కుటుంబం మరింత కుంగిపోయింది. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు విఫలమై, మద్రాసులోని హిందూ ఉన్నత పాఠశాలలో చదివి మూడవసారి ఉత్తీర్ణులయ్యారు. నేడు ప్రపంచంలోని వైద్య విద్యార్థులందరూ చదువుకొనే విషయాలను కనుగొన్న వ్యక్తి ఒకప్పుడు రెండు పర్యాయాలు పరీక్ష తప్పిన విద్యార్థి అన్నది గుర్తుంచుకోదగిన సంగతి.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెట్ చదువుతున్న రోజులలో ఆయన మనస్సు రామకృష్ణ మఠంవైపు మళ్లింది. సన్యాసం స్వీకరించాలని తలచారు. తల్లి అంగీకరించలేదు. రోగులకు సేవ చేయడం కూడా భగవత్సేవయేనని భావించి ఆయన 1915లో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. చదువుకు మిత్రులు సహాయపడ్డారు. తరువాత ఆయనకు మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి కూడా అండగా నిలిచారు. 1919లో సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితో సుబ్బారావు వివాహం జరిగింది.

అవి జాతీయోద్యమం ఉధృతమవుతున్న దినాలు. గాంధీజీ పిలుపునందుకొని సుబ్బారావు విదేశీ వస్త్రాలను విడిచి, శస్త్రచికిత్స తరగతికి సైతం ఖద్దరు దుస్తులు ధరించి వెళ్లారు. అది ఆచార్యునికి ఆగ్రహం కలిగించింది. వ్రాతపరీక్షలలో ప్రతిభ చూపినా ఆయనకు సంపూర్ణమైన ఎం.బి.బి.ఎస్. పట్టా లభించలేదు. అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో తృప్తి పడవలసి వచ్చింది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం కూడా దొరకలేదు. అప్పుడు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి మద్రాసులో నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్ర అధ్యాపకులుగా చేరారు. ఏ అవయవం ఎట్లా నిర్మితమైనదో విద్యార్థులకు వివరించడం ఆయన విధి. అయితే నిర్మాణాన్ని తెలుసుకోవడంతో ఆయన జిజ్ఞాస ఆగిపోలేదు. జీవకణం దేనితో బ్రతుకుతుంది? దానికి శక్తి ఎక్కడినుండి వస్తుంది? ఏది లోపిస్తే అది నశిస్తుంది? ఈ ప్రశ్నలే తరువాతి కాలంలో ఆయనను రసాయన పరిశోధనవైపు నడిపించాయి.

ఆ ప్రశ్నల వెనుక తీరని దుఃఖం కూడా ఉంది. ఆయన సోదరులిద్దరు స్వల్ప వ్యవధిలోనే మరణించారు. స్ప్రూ అనే గ్రహణిజాతి వ్యాధి ఆ కుటుంబాన్ని పీడించింది. ఆ వ్యాధిలో ప్రేగులు ఆహారసారాన్ని గ్రహించలేవు. రోగి తింటూ ఉండగానే శుష్కించి, రక్తహీనతతో కృశిస్తాడు. ఆనాటి వైద్యశాస్త్రంలో దానికి సరియైన మందు లేదు. చేతిలో వైద్యవిద్య ఉండి కూడా తోబుట్టువులను కాపాడుకోలేని నిస్సహాయత సుబ్బారావు హృదయంలో చెరగని ముద్ర వేసింది. పై చదువులకు విదేశాలకు వెళ్లాలన్న సంకల్పం దృఢపడింది.

1920వ దశకం తొలి సంవత్సరాలలో ఆయన అమెరికాలోని బోస్టన్ నగరం చేరుకొని హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య విద్యాలయంలో ప్రవేశించారు. విద్యార్థి వేతనం లేదు. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో కూలిపని. రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేయడానికి కూడా ఆయన వెనుకాడలేదు. డిప్లొమా పూర్తి చేసి, సైరస్ ఫిస్క్ అనే ఆచార్యునివద్ద జీవరసాయన పరిశోధనలో చేరారు. 1925లో రక్తంలోను, మూత్రంలోను ఉండే భాస్వరాన్ని కొలిచే సులభమైన పద్ధతిని వారిద్దరు కలిసి ప్రకటించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది లోకప్రసిద్ధమైంది. తరతరాల జీవరసాయన విద్యార్థులు ప్రయోగశాలలో దానిని అభ్యసించారు.

ఆ పద్ధతే మరొక గొప్ప సత్యానికి ద్వారం తెరిచింది. 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను వారు గుర్తించారు. ఏ.టి.పి. అని మనం పిలుచుకొనే ఈ రెండవ పదార్థాన్ని అదే సంవత్సరంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా వేరుగా కనుగొన్నారు. జీవకణం ఖర్చు పెట్టే శక్తికి ఏ.టి.పి. నాణెం వంటిది. ఫాస్ఫోక్రియాటిన్ అవసరానికి దాచుకొన్న నిల్వ వంటిది. కండరం ముడుచుకోవడానికే కాక కన్ను చూడడానికి కూడా ఈ నాణెమే చెల్లించాలి. దండకణాలు, శంకుకణాలు శరీరంలో అత్యధికంగా శక్తిని వినియోగించే కణాలలో చేరుతాయి. విశేషమేమిటంటే అవి వెలుగులోకంటె చీకటిలోనే ఎక్కువ శక్తిని వెచ్చిస్తాయి. చీకటిలో వాటిలోనికి నిరంతరంగా ప్రవేశించే సోడియం అయాన్లను వెలుపలికి తోడిపోయడానికి ఏ.టి.పి. కావాలి. దానిని తయారు చేసుకోవడానికి ప్రాణవాయువు కావాలి. ఆ ప్రాణవాయువును మోసుకొని వచ్చేది రక్తపటలం. అంతటి రక్తప్రవాహం ఆ పలుచని పొరకు ఎందుకు అవసరమో ఇప్పుడు సులభంగా గ్రహించవచ్చు.

1930లో సుబ్బారావు హార్వర్డ్ నుండి పిహెచ్.డి. పట్టా పొందారు. ఇంతటి పరిశోధన చేసినా ఆ విశ్వవిద్యాలయంలో ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరి, 1942 నాటికి పరిశోధన విభాగానికి సంచాలకులయ్యారు. సోదరులను బలిగొన్న వ్యాధి ఆయన జ్ఞాపకంలో సజీవంగానే ఉంది. కాలేయంలో రక్తహీనతను పోగొట్టే పదార్థమేదో ఉన్నదని అప్పటికే తెలుసు. 1931లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో పేద గర్భిణీ స్త్రీల రక్తహీనతను ఈస్టు సారంతో నయం చేసి, అటువంటి పోషక పదార్థం ఉనికిని చాటారు. ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లం. సుబ్బారావు నాయకత్వంలోని బృందం దానిని కాలేయం నుండి వేరుచేసి, నిర్మాణాన్ని నిర్ణయించి, 1945లో ప్రయోగశాలలో కృత్రిమంగా తయారు చేయగలిగింది. అనతికాలంలోనే అది స్ప్రూ రోగులకు సంజీవని అయింది. సోదరులను రక్షించుకోలేకపోయిన వ్యక్తి పాతికేళ్ల తరువాత అదే వ్యాధికి మందును లోకానికి అందించారు.

ఇక్కడ కథ ఒక మలుపు తిరిగింది. కణాలు విభజన చెందడానికి ఫోలిక్ ఆమ్లం అత్యవసరం. రక్తకణాల క్యాన్సరుతో బాధపడే పిల్లలకు దీనిని ఇచ్చినప్పుడు వ్యాధి మరింత విజృంభించినట్లు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గమనించారు. విటమిన్ వ్యాధికణాలను పెంచుతున్నదంటే, ఆ విటమిన్‌ను అడ్డగించేది వ్యాధికణాలను అణచాలి కదా! ఆ ఆలోచనకు రూపమిచ్చినది సుబ్బారావు బృందమే. ఫోలిక్ ఆమ్లంవలె కనిపిస్తూ, కణాన్ని మోసగించి, దాని పనిని ఆపివేసే ప్రతినిధులను వారు తయారు చేశారు. వాటిలో ఒకటి అమైనోప్టెరిన్. 1948లో ప్రచురించిన నివేదికలో ఫార్బర్, తాను చికిత్స చేసిన 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికంగానైనా వ్యాధి ఉపశమించినట్లు తెలిపారు. క్యాన్సరును రసాయన ఔషధంతో ఎదుర్కొనే యుగానికి అది నాంది. ఆ కుటుంబంలోనిదే మరొక ఔషధం మెథోట్రెక్సేట్.

లెడర్లీలో ఆయన పర్యవేక్షణలోనే బోదకాలు వ్యాధికి హెట్రజాన్, అనేక సూక్ష్మజీవులపై పనిచేసే ఆరియోమైసిన్ వెలువడ్డాయి. ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ వర్గానికి చెందిన తొలి ఔషధం. ఆ వర్గపు మందుతో చేసిన కంటి లేపనం తరువాతి దశాబ్దాలలో ట్రాకోమా అనే అంధత్వకారక వ్యాధి చికిత్సకు ఉపయోగపడింది. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశం ట్రాకోమాను ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించినట్లు ప్రకటించింది.

ఇన్ని విజయాల నడుమ సుబ్బారావు వ్యక్తిగత జీవితం ఒంటరిగా గడిచింది. స్వదేశం విడిచిన తరువాత ఆయన తిరిగి రాలేదు. భార్య శేషగిరిని మరల చూడలేదు. ఒక్కగానొక్క కుమారుడు శైశవంలోనే కన్నుమూశాడు. పరిశోధన ఫలితాలను ప్రకటించేటప్పుడు తనతో పనిచేసినవారిని ముందుంచి తాను వెనుక నిలవడం ఆయన స్వభావం. అమెరికా పౌరసత్వం స్వీకరించకుండా భారతీయుడుగానే జీవించారు. స్వతంత్ర భారతాన్ని కన్నులారా చూడకుండానే, 1948 ఆగస్టులో తన 53వ యేట గుండెపోటుతో మరణించారు. ఒక శిలీంధ్రానికి 1953లో సుబ్బారోమైసిస్ అని నామకరణం చేసి శాస్త్రలోకం ఆయనను స్మరించుకొంది. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్లను విడుదల చేసింది.

ఆయన మరణానంతరం కూడా ఆయన కృషి ఆగలేదు. అది కంటిలోని రక్తనాళమయమైన పొరవరకు ప్రయాణించింది. ఆ పొరకు వచ్చే వాపు వ్యాధిని యువియైటిస్ అంటారు. కన్ను ఎర్రబడడం, నొప్పి, వెలుగును చూడలేకపోవడం, చూపు మసకబారడం, కంటిముందు నల్లని చుక్కలు తేలడం దీని లక్షణాలు. కొందరిలో సూక్ష్మజీవులు దీనికి కారణమవుతాయి. మరికొందరిలో శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే దారి తప్పి ఈ పొరపై దాడి చేస్తుంది. రక్తం అధికంగా ప్రవహించేచోటికి రక్షణ కణాలు కూడా సులభంగా చేరుతాయి. పోషణకు వరమైన రక్తసమృద్ధి ఈ విధంగా వ్యాధివేళ శాపమవుతుంది. పనిచేసే వయస్సులో ఉన్నవారి చూపును ఈ వ్యాధి హరించగలదు. స్టెరాయిడ్ మందులు వాపును త్వరగా తగ్గిస్తాయి. కాని వాటిని దీర్ఘకాలం వాడితే శుక్లాలు, నీటికాసులు వచ్చే ప్రమాదముంది.

ఈ చిక్కును విడదీయడానికి వైద్యులు మెథోట్రెక్సేట్‌ను ఆశ్రయించారు. 1965లోనే అమెరికాలో వాంగ్, హెర్ష్ అనే వైద్యులు శైలికామయ దేహపు వాపునకు దీనిని ప్రయోగించి ఫలితాలు ప్రకటించారు. 2019లో ప్రచురితమైన అంతర్జాతీయ పరిశోధనలో భారతదేశంతో సహా ఐదు దేశాలలో 216 మంది యువియైటిస్ రోగులకు మెథోట్రెక్సేట్ గాని, మైకోఫినొలేట్ అనే మరొక మందు గాని ఇచ్చి పోల్చి చూశారు. ఆరు నెలలలో మెథోట్రెక్సేట్ తీసుకొన్నవారిలో సుమారు మూడింట రెండు వంతుల మందికి, స్టెరాయిడ్ల అవసరం తగ్గి, వాపు అదుపులోకి వచ్చింది. రెండవ మందు దీనిని మించలేదు.

ఈ చికిత్సలో గమనింపదగిన విశేషమొకటి ఉంది. క్యాన్సరుకు వాడేదానికంటె ఎంతో తక్కువ మోతాదులో మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్కసారి మాత్రమే ఇస్తారు. పొరపాటున ప్రతిదినం మింగితే ప్రాణాపాయం. నోటిపూత, రక్తకణాల క్షీణత వంటి దుష్ఫలితాలను తగ్గించడానికి తోడుగా ఫోలిక్ ఆమ్లం ఇస్తారు. విటమిన్, దాని విరోధి ఒకే రోగి చేతిలో రెండు చిన్న మాత్రలుగా కలుసుకొంటాయి. ఆ రెండూ ఒకే ప్రయోగశాలలో, ఒకే నాయకుని పర్యవేక్షణలో రూపుదిద్దుకొన్నవి. ఇంతటితో ఆగదు. తక్కువ మోతాదులో ఈ మందు వాపును తగ్గించడానికి కణజాలంలో అడినోసిన్ పెరగడం ఒక ముఖ్యకారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. 1929లో సుబ్బారావు గుర్తించిన ఏ.టి.పి.లోని మొదటి భాగం ఆ అడినోసినే.

సుబ్బారావు స్వదేశానికి రాకపోయినా, ఆయన నమ్మిన పోషణశాస్త్రం తెలుగునేలపై వేళ్లూనుకొంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలైన సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, తార్నాకలో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం చెంత స్థిరపడి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధి పొందింది. విటమిన్ ఏ లోపంవల్ల పసిపిల్లలు అంధులు కాకుండా ఆరు నెలలకొకసారి అధిక మోతాదులో ఆ విటమిన్‌ను అందించే జాతీయ పథకం 1970లో మొదలైంది. దానికి ఆధారమైన పరిశోధన ఈ సంస్థలోనే జరిగింది. చెంచాతో పిల్లవాని నోటిలో పోసిన ఆ విటమిన్ రక్తంలో కలిసి, చివరకు రక్తపటలం ద్వారానే నేత్రపటలానికి చేరుతుంది. అన్నంలోని లోపమే రోగానికి మూలం కావచ్చునని, ఆ లోపాన్ని కనుగొంటే రోగాన్ని జయించవచ్చునని సుబ్బారావు పెర్ల్ రివర్‌లో నిరూపించిన సత్యమే తార్నాకలోను ఫలించింది.

పరీక్షలో పరాజయం, పేదరికం, పట్టాలో అన్యాయం, పదవి దక్కని నిరాశ, ఆప్తుల మరణం – ఇవేవీ సుబ్బారావును లక్ష్యం నుండి మరల్చలేకపోయాయి. తన దుఃఖాన్ని ఆయన ప్రశ్నగా మార్చుకొన్నారు. ఆ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ జీవితాన్ని ధారపోశారు. నేడు ఏ నేత్రవైద్యశాలలోనో యువియైటిస్ సోకిన యువకుడొకడు వారానికొక మాత్ర, దానికి తోడుగా మరొక మాత్ర వేసుకొని, మసకబారిన పుస్తకంలోని అక్షరాలను మరల స్పష్టంగా చదువుకోగలుగుతున్నాడు. ఆ మాత్రల వెనుక ఉన్న భీమవరం బిడ్డ పేరు అతనికి తెలియకపోవచ్చు. చూపు వెనుక రక్తపటలం ఉన్నట్లే, ఆ యువకుని చదువు వెనుక సుబ్బారావు ఉన్నారు.